ఫోన్‌తో చుక్కలు చూడటం ఎలా: ఒడిశా సరిహద్దు ఊళ్ళ తెలుగువాళ్ళ కోసం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, కోరాపుట్ వైపు ఉంటున్న మనకి హైదరాబాద్, విశాఖపట్నంలో ఉన్న చుట్టాలకి లేని భాగ్యం ఒకటి ఉంది. ఊరి చివరి వీధిదీపం దాటి కొంత దూరం వెళ్తే పాలపుంత కనిపించేంత చీకటి దొరుకుతుంది. పైగా మన ఊళ్ళు దాదాపు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. ఢిల్లీలో నేలకి ఆనుకున్నట్టు కనిపించే అగస్త్య నక్షత్రం (కానోపస్) ఇక్కడ హాయిగా పైకి వస్తుంది. అక్కడ ఎప్పుడూ పూర్తిగా ఉదయించని త్రిశంకు చుక్కలు, అంటే దక్షిణ శిలువ, వేసవిలో ఇక్కడ నాలుగూ కనిపిస్తాయి.

ఆ చుక్కల పేర్లు చెప్పే పరికరం ఇప్పుడు అందరి జేబులోనూ ఉంది. కానీ చాలామంది ఏం చేస్తున్నారంటే, అంత చక్కటి ఆకాశం కిందికి వెళ్ళి, అరగంట సేపు స్క్రీన్ మీద బొమ్మ ఆకాశం చూసి ఇంటికి వచ్చేస్తున్నారు. ఫోన్ వెలుగుకి కళ్ళు అలవాటు పడిపోతే పైన ఉన్నవాటిలో సగం కూడా కనిపించవు. కాబట్టి ఫోన్‌ని ఎక్కడ చూడాలో చెప్పించుకోవడానికి వాడండి, చూసే పని కళ్ళకి వదలండి. ఈ పద్ధతి అంతా దాని మీదే నడుస్తుంది.

ముందు మీ ఫోన్‌లో ఏముందో చూసుకోండి

ఆకాశం యాప్ కెమెరాతో చుక్కని చూసి పేరు చెబుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. జీపీఎస్ నుంచి మీరెక్కడ ఉన్నారో, గడియారం నుంచి సమయం ఎంతో తీసుకుంటుంది. ఫోన్ ఎంత పైకి వంగి ఉందో యాక్సిలరోమీటర్ చెబుతుంది. ఏ దిక్కుకి తిరిగి ఉందో మ్యాగ్నెటోమీటర్, అంటే లోపలి దిక్సూచి, చెబుతుంది. గైరోస్కోప్ ఉంటే కదలిక సాఫీగా ఉంటుంది. ఇవన్నీ కలిపి ఆ వైపు ఏ చుక్క ఉండాలో లెక్క కట్టి చూపిస్తుంది. అందుకే మబ్బు పట్టినా, ఇంట్లో కూర్చున్నా యాప్‌లో చుక్కలు కనిపిస్తాయి.

దీంట్లో పనికొచ్చే విషయం ఒకటుంది. ఫోన్ చెప్పే ఎత్తు భూమ్యాకర్షణ మీద ఆధారపడుతుంది, అది సాధారణంగా తప్పదు. దిక్కు మాత్రం అయస్కాంతం మీద ఆధారపడుతుంది, అది తరచూ తప్పుతుంది. యాప్ చూపించిన చోట చుక్క లేదంటే దాదాపు ఎప్పుడూ తేడా పక్కకే ఉంటుంది. అదే ఎత్తులో కుడికీ ఎడమకీ వెతకండి, దొరుకుతుంది.

తక్కువ ధర ఫోన్లలో కొన్నిటికి మ్యాగ్నెటోమీటరే ఉండదు. దిక్సూచి యాప్ ఒకటి తెరిచి, నిలబడ్డ చోటే మెల్లగా చుట్టూ తిరగండి. ముల్లు కదలకపోతే మీ ఫోన్‌లో అది లేనట్టే. దానికోసం కొత్త ఫోన్ కొనక్కర్లేదు. యాప్‌లో ఆకాశం పటాన్ని వేలితో జరిపి, మీరు చూస్తున్న దిక్కు గుర్తు కిందికి వచ్చేలా పెట్టుకోండి. ధ్రువ నక్షత్రానికి వీపు పెట్టి నిలబడితే ఎదురుగా ఉన్నది దక్షిణం. పటంలో దక్షిణం గుర్తు కింద మధ్యలో పెడితే పని జరిగిపోతుంది.

యాప్‌ని ఇంట్లోనే సిద్ధం చేసుకోండి

ఒక్క ఆకాశం యాప్ చాలు. స్టెల్లారియం, స్కై మ్యాప్ రెండూ ఉచితంగా దొరుకుతాయి. బైనాక్యులర్స్‌తో లోతుగా చూసేవాళ్ళు స్కైసఫారి కొనుక్కుంటారు, మొదటి ఏడాది దాని అవసరం రాదు. ఉపగ్రహాల కోసం హెవెన్స్ అబవ్ విడిగా పెట్టుకోండి.

వైఫై ఉన్నప్పుడే యాప్‌ని ఒకసారి తెరిచి, అడిగినవన్నీ డౌన్‌లోడ్ కానివ్వండి. తర్వాత నెట్ ఆపేసి మళ్ళీ తెరిచి చూడండి. గజపతి, రాయగడ కొండల్లో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. జీపీఎస్‌కి సిగ్నల్‌తో పని లేదు గానీ, నెట్ లేనప్పుడు మొదటిసారి చోటు పట్టుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అందుకని చోటుని ముందే చేత్తో నింపుకోవడం మంచిది. పర్లాకిమిడికి 18.8 ఉత్తరం, 84.1 తూర్పు. రాయగడకి 19.2 ఉత్తరం, 83.4 తూర్పు. కోరాపుట్‌కి 18.8 ఉత్తరం, 82.7 తూర్పు. ఇది నింపకుండా యాప్ ఢిల్లీ మీద ఉండిపోతే చుక్కల ఎత్తుల్లో పది డిగ్రీల దాకా తేడా వస్తుంది. మన దేశ ప్రామాణిక సమయాన్ని లెక్కించే 82.5 డిగ్రీల రేఖాంశం దాదాపు జయపురం పక్క నుంచే వెళ్తుంది. అక్కడి కంటే పర్లాకిమిడిలో చుక్కలు ఆరు నిమిషాల ముందు ఉదయిస్తాయి.

యాప్ సెట్టింగుల్లో మూడు పనులు చేయండి. నైట్ మోడ్ ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. శబ్దాలు ఆపండి. రాశుల బొమ్మలు తీసేసి గీతలు మాత్రం ఉంచండి. సింహం, తేలు బొమ్మలు స్క్రీన్ మీద అందంగా ఉంటాయి కానీ పైన ఉన్నవి చుక్కలే కాబట్టి అవి అడ్డొస్తాయి. ఉచిత యాప్‌లలో మధ్యలో తెల్లగా వెలిగే ప్రకటనలు వస్తుంటాయి. నెట్ ఆపి ఉంటే వాటి బెడద చాలా తగ్గుతుంది.

చివరగా, ఆ రాత్రి చూడాల్సినవి నాలుగైదు ఎంచుకుని కాగితం మీద రాసుకోండి. ఇంతకంటే ఎక్కువ పెట్టుకుంటే పరుగు తప్ప చూడటం ఉండదు.

రోజు ఎంచుకోవడానికి పంచాంగం చాలు

వెన్నెల ఉంటే పాలపుంత కనిపించదు. చంద్రుడు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. బహుళ అష్టమి నాటికి అర్ధరాత్రి దగ్గరికి వెళ్ళిపోతాడు. కాబట్టి బహుళ సప్తమి నుంచి అమావాస్య దాటి శుద్ధ తదియ, చవితి దాకా సాయంత్రాలు మీవే. ఇంట్లో గోడకి పంచాంగం క్యాలెండర్ ఉంటే దీనికి వేరే యాప్ అక్కర్లేదు.

ఏడాదిలో నాకు బాగా నచ్చేది దసరాకీ దీపావళికీ మధ్య వచ్చే బహుళ పక్షం. వానలు తగ్గి గాలి కడిగినట్టు ఉంటుంది. చీకటి పడగానే నైరుతిలో పాలపుంత మధ్యభాగం ఇంకా కనిపిస్తూ ఉంటుంది. అయితే అక్టోబర్ మనకి తుపాన్ల నెల కూడా. 2018 అక్టోబర్‌లో తిత్లీ గజపతి జిల్లాని ఎలా దెబ్బతీసిందో ఇక్కడ ఎవరూ మరిచిపోరు. బయల్దేరే ముందు వాతావరణ శాఖ వాళ్ళ మౌసం యాప్‌లో హెచ్చరికలు, ఉపగ్రహ చిత్రం చూడండి.

డిసెంబర్, జనవరిలో కోరాపుట్ పీఠభూమి మీద తెల్లవారుజామున మంచు కమ్ముకుంటుంది, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య చూసెయ్యండి. మార్చి, ఏప్రిల్‌లో కొండల మీద పోడు పొగ వల్ల నేల దగ్గర ఆకాశం మసకగా ఉంటుంది. సాయంత్రం గాలివాన పడి వెలిసిన రాత్రి మాత్రం ఆ పొగంతా దిగిపోతుంది. అలాంటి రాత్రి దొరికితే వదలకండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆశ పెట్టుకోవద్దు.

చోటు

ఊరికి దక్షిణం వైపు వెళ్ళండి. మీరు చూడాల్సిన అరుదైన చుక్కలు దక్షిణాన కింద ఉంటాయి, ఊరి వెలుగు వీపు వెనక ఉండాలి. పర్లాకిమిడి వాళ్ళకి పాతపట్నం వెలుగు కూడా తగులుతుంది కాబట్టి రెండు ఊళ్ళకీ కాస్త పక్కకి జరగాలి. రాయగడ దగ్గర జేకేపూర్ పేపర్ మిల్లు, తెరుబలి ఫ్యాక్టరీ, కోరాపుట్ దగ్గర దామన్‌జోడి నాల్కో, వీటి వెలుగు ఆకాశం మీద గోపురంలా లేస్తుంది. ఆ గోపురం మీ దక్షిణాన పడని చోటు చూసుకోండి.

దేవమాలి శిఖరం 1,672 మీటర్లు, మహేంద్రగిరి 1,501 మీటర్లు. ఎత్తు మీద గాలి పలచన, ఆకాశం ఎంతో బాగుంటుంది. కానీ మొదటిసారే కొండెక్కమని నేను చెప్పను. ఈ జిల్లాల్లో ఏనుగులు తిరుగుతుంటాయి, ఎలుగుబంట్లు ఉన్నాయి. తెలిసినవాళ్ళ ఊళ్ళో కళ్ళం గానీ, బడి ఆవరణ గానీ, మేడ మీద గానీ సరిపోతుంది. ఆ ఊరి పెద్దకి, పక్క ఇళ్ళవాళ్ళకి వెలుగుండగానే చెప్పండి. రాత్రిపూట తెలియని మనుషులు చేతిలో వెలుగుతో పొలాల్లో తిరిగితే ఎవరికైనా అనుమానం వస్తుంది. చెప్పారంటే పిల్లలు, ముసలివాళ్ళు కూడా చూడటానికి వస్తారు. ‘పిల్లలకోడి’ (కృత్తికల గుంపు) ఏదో, ‘వేగుచుక్క’ ఏదో వాళ్ళకి మీ యాప్ కంటే ముందే తెలుసు.

చాప మీద పడుకునే ముందు ఆ నేలని టార్చితో ఒకసారి బాగా చూడండి. పాముల భయం ఊరికే పోదు.

స్క్రీన్‌ని ఎర్రగా, మసకగా చేయండి

దీని మీద శ్రద్ధ పెట్టినవాళ్ళకీ పెట్టనివాళ్ళకీ కనిపించే ఆకాశాలే వేరు.

మన రెటీనాలో రెండు రకాల కణాలున్నాయి. రంగులు చూసేవి పది నిమిషాల్లో చీకటికి సర్దుకుంటాయి. సన్నటి వెలుగు పట్టుకునే దండ కణాలు పూర్తిగా సిద్ధం కావడానికి 20 నుంచి 30 నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. వాటిలో రొడాప్సిన్ అనే పదార్థం చీకట్లో మెల్లగా తయారవుతుంది, తెల్లటి వెలుగు తగిలితే విరిగిపోతుంది. ఒక్క వాట్సాప్ మెసేజ్ చూస్తే ఆ అరగంట మళ్ళీ మొదటికి వస్తుంది. ముదురు ఎరుపుకి మాత్రం దండ కణాలు దాదాపు స్పందించవు. ఎర్ర వెలుగు ఎందుకంటే ఇందుకే.

యాప్ నైట్ మోడ్ ఆ యాప్‌ని మాత్రమే ఎర్రగా చేస్తుంది. బయటికి రాగానే, కాల్ రాగానే స్క్రీన్ తెల్లగా మండుతుంది. అందుకే ఫోన్ మొత్తాన్నీ ఎర్రగా చేయాలి. ఐఫోన్‌లో సెట్టింగులు, యాక్సెసిబిలిటీ, డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్, కలర్ ఫిల్టర్స్ దాకా వెళ్ళి కలర్ టింట్ ఎంచుకుని ఎరుపు వైపు జరపండి. దాన్ని యాక్సెసిబిలిటీ షార్ట్‌కట్‌లో పెడితే పక్క బటన్ మూడుసార్లు నొక్కగానే వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో పన్నెండో వెర్షన్ నుంచి ఎక్స్‌ట్రా డిమ్ అని ఉంది, మామూలు బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించాక కూడా అది ఇంకా తగ్గిస్తుంది. ఆటో బ్రైట్‌నెస్ ఆపడం మరిచిపోవద్దు.

ఇవేవీ కుదరకపోతే పుస్తకాల షాపులో దొరికే ఎర్ర జిలెటిన్ కాగితం తెచ్చి రెండు మూడు పొరలు మడిచి స్క్రీన్ మీద అంటించండి. నిజం చెప్పాలంటే ఎల్‌సీడీ స్క్రీన్ ఉన్న ఫోన్లకి సెట్టింగుల కంటే ఇదే బాగా పనిచేస్తుంది. ఎల్‌సీడీలో వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి నలుపు కూడా బూడిద రంగులో కనిపిస్తుంది. అమోలెడ్‌లో నల్లగా ఉన్నచోట దీపమే ఉండదు. అదే కాగితాన్ని టార్చికి, తలకి కట్టుకునే లైటుకి కూడా చుట్టండి.

ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది, కాల్స్ రావు, సిగ్నల్ కోసం వెతుకుతూ బ్యాటరీ కరిగిపోదు. అత్యవసరానికి మీ గుంపులో ఇంకొకరి ఫోన్ ఆన్‌లో ఉండాలి, అది సంచిలో ఉండాలి. స్మార్ట్‌వాచీ పెట్టుకుంటే చెయ్యెత్తగానే వెలిగే ఏర్పాటు ఆపండి. పవర్ బ్యాంక్ మీద నీలం దీపానికి నల్ల ఇన్సులేషన్ టేపు అంటించండి. ట్యాబ్ ఇంట్లో పెట్టి రండి, దాని వెలుగు పక్కవాళ్ళందరి కళ్ళనీ పాడుచేస్తుంది.

ఇంకో చిట్కా. ఫోన్ చూసేటప్పుడు ఒక కన్ను మూసుకోండి. మూసిన కన్ను చీకటిని పోగొట్టుకోదు, ఆకాశాన్ని దానితో చూడొచ్చు. పిల్లలు ఇది ఆటలా నేర్చుకుంటారు.

దిక్కుని ధ్రువ నక్షత్రంతో సరిచూడండి

చోటుకి చేరాక ఫోన్‌ని చేతిలో పట్టుకుని, గాలిలో ఇంగ్లీషు ఎనిమిది అంకె గీస్తున్నట్టు నాలుగైదుసార్లు తిప్పండి. దీంతో లోపలి దిక్సూచి సర్దుకుంటుంది. అంతకుముందు అయస్కాంతం ఉన్న ఫ్లిప్ కవర్, వెనక అతికించిన ఉంగరం, కారు స్టాండు ప్లేటు లాంటివి తీసేయండి. బండి పక్కన, రేకుల షెడ్డు దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడవద్దు. మేడ మీద అయితే స్లాబులో ఇనుప ఊచలు ఉంటాయి. ఫోన్‌ని నేల మీద పెట్టకుండా ఛాతీ ఎత్తులో పట్టుకోండి, అప్పటికీ కుదరకపోతే రెండడుగులు జరిగి చూడండి.

ఇప్పుడు పరీక్ష. ఫిబ్రవరి నుంచి జూన్ వరకు రాత్రి తొలి జాముల్లో సప్తర్షి మండలం కనిపిస్తుంది. దాని పళ్ళెంలో చివరి రెండు చుక్కలని కలుపుతూ వాటి మధ్య దూరానికి ఐదు రెట్లు పొడిగిస్తే ధ్రువ నక్షత్రం. అక్టోబర్ నుంచి జనవరి వరకు దానికి బదులు శర్మిష్ఠ రాశి (క్యాసియోపియా), ఇంగ్లీషు డబ్ల్యూ ఆకారంలో, ఉత్తరాన ఉంటుంది. మన ప్రాంతంలో ధ్రువ నక్షత్రం నేల నుంచి 19 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే అది సుమారు 10 డిగ్రీలు. అంటే నేల గీత మీద ఒక పిడికిలి, దాని మీద ఇంకో పిడికిలి, అక్కడే ధ్రువుడు. యాప్‌లో ధ్రువుడిని (పొలారిస్) వెతికి, కంటికి కనిపించే ధ్రువుడి వైపు ఫోన్ పెట్టండి. రెండూ ఒకచోట ఉంటే దిక్కు సరిగా ఉన్నట్టే. ఐదారు డిగ్రీలు పక్కకి చూపిస్తే కంగారేం లేదు, ఆ తేడా ఏ వైపుకి ఉందో గుర్తుపెట్టుకోండి, మిగతా చోట్ల కూడా దాదాపు అంతే తేడా వస్తుంది. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన దగ్గర ఒక డిగ్రీ కూడా తేడా లేదు కాబట్టి తప్పంతా చుట్టూ ఉన్న ఇనుముదే.

చిటికెన వేలు ఒక డిగ్రీ, మధ్య మూడు వేళ్ళు కలిపి ఐదు డిగ్రీలు. ఈ కొలతలు అలవాటైతే ఫోన్ అవసరం సగానికి పడిపోతుంది. ఒడిశాలోని ఖండపడాలో పుట్టిన పఠాణి సామంత (1835–1904) టెలిస్కోపు లేకుండా, కర్రతో, వెదురుతో తానే చేసుకున్న సాధనాలతో గ్రహాల స్థానాలు కొలిచాడు. ఆ కొలతలతో సంస్కృతంలో ఆయన రాసిన ఖగోళ గ్రంథం 1899లో కలకత్తాలో అచ్చయింది. భువనేశ్వర్‌లో ప్లానెటేరియానికి ఆయన పేరే పెట్టారు, ఆ దారిన వెళ్తే పిల్లల్ని తీసుకెళ్ళండి.

ఇక చూడటం

ఒక్కో వస్తువుకీ ఇలా చేయండి. యాప్‌లో పేరు వెతికి, బాణం చూపిన వైపు తిరగండి. మూడు విషయాలు మనసులో పెట్టుకోండి. ఎన్ని పిడికిళ్ళ ఎత్తు, ఏ దిక్కు, పక్కనున్న పెద్ద చుక్కలతో కలిపి ఏ ఆకారం. ఇది పది క్షణాల పని. ఫోన్ బోర్లా పెట్టి జేబులో వేసుకోండి. అప్పుడు కంటితో వెతకండి. రెండు మూడు నిమిషాలు వెతికినా దొరక్కపోతేనే మళ్ళీ ఫోన్ తీయండి. చేత్తో ఫోన్‌ని ఆకాశానికి ఎత్తిపట్టుకుని నిలబడటం మానేయాలి. అలా పట్టుకుంటే ఆ స్క్రీన్ మీరు చూడాల్సిన చుక్కలకే అడ్డం వస్తుంది.

మసకగా ఉన్నవాటిని నేరుగా చూడకండి, కాస్త పక్కకి చూడండి. రెటీనా నడిమధ్యలో దండ కణాలు ఉండవు, చుట్టూ ఉంటాయి.

ఫిబ్రవరిలో ఎనిమిది, తొమ్మిది గంటలకి దక్షిణానికి తిరగండి. ఎత్తున మెరిసేది లుబ్ధకం (సిరియస్), రాత్రి ఆకాశంలో అన్నిటికంటే కాంతివంతమైన చుక్క. దాని కింద, నేల నుంచి రెండు పిడికిళ్ళకి కాస్త తక్కువ ఎత్తులో రెండో కాంతివంతమైన చుక్క, అగస్త్యుడు. దీనికి ఫోన్ కూడా అక్కర్లేదు. అటూ ఇటూ పైకి చూస్తే మృగశిర, ఆర్ద్ర, రోహిణి, పిల్లలకోడి, అన్నీ అప్పుడే ఉంటాయి. పిల్లలకోడిలో ఎన్ని చుక్కలు లెక్కపెట్టగలరో చూడండి. ఆరు మామూలు, చీకటికి కళ్ళు బాగా అలవాటైతే ఇంకా ఎక్కువ వస్తాయి. స్క్రీన్ వెలుగు మీ కళ్ళని ఎంత దెబ్బతీసిందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. ఫోన్ చూసే ముందు ఒకసారి, చూశాక ఒకసారి లెక్కపెట్టండి.

మే మధ్యలో రాత్రి తొమ్మిదికి త్రిశంకు సరిగ్గా దక్షిణాన, తన గరిష్ఠ ఎత్తులో ఉంటుంది, ఏప్రిల్ మధ్యలో అయితే పదకొండుకి. కింది చుక్క నేల నుంచి ఎనిమిది డిగ్రీలే, పై చుక్క పద్నాలుగు. ఎదురుగా కొండ ఉంటే కనిపించదు. అందుకే దక్షిణాన మైదానం కనిపించే చోటు ముందే చూసుకోమన్నాను. ఒక గంట ఆగితే దానికి ఎడమ పక్కన, సుమారు 23 డిగ్రీల ఎత్తులో ఒమెగా సెంటారి వస్తుంది. కంటికి మసక చుక్క, బైనాక్యులర్స్‌లో గుండ్రటి వెలుగు మచ్చ. అది ఒక్క చుక్క కాదు, లక్షల సూర్యుల గుంపు. ఉత్తర భారతంలో ఇది ఇంకా కిందే ఉండిపోతుంది, మనకి ఇంటి వెనక దొరుకుతుంది.

నవంబర్‌లో రాత్రి తొమ్మిదికి ఉత్తరం వైపు ఎత్తున, శర్మిష్ఠ దగ్గర, దేవయాని (ఆండ్రోమెడా) గెలాక్సీ. యాప్ చూపిన చోట పొడుగాటి మసక మచ్చ ఉంటుంది. ఆ వెలుగు బయల్దేరి సుమారు 25 లక్షల ఏళ్ళయింది. మామూలు కంటితో చూడగలిగిన అతి దూరపు వస్తువుల్లో ఇదొకటి. మొదటిసారి చూసినప్పుడు ఎవరికీ పెద్దగా ఏమీ అనిపించదు. అదేమిటో తెలిసి రెండోసారి చూడండి.

సప్తర్షుల తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని చిన్నగా అరుంధతి. పెళ్ళిలో పగలే చూపించేశారు కదా, రాత్రి నిజంగా చూడండి.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున గంటన్నరకోసారి భూమిని చుట్టి వస్తుంది. చీకటి పడిన తర్వాత, తెల్లవారే ముందు గంట, రెండు గంటల్లో కనిపిస్తుంది. హెవెన్స్ అబవ్‌లో మన చోటు పెడితే ఏ నిమిషానికి ఏ దిక్కున లేస్తుందో చెబుతుంది, ఆ నిమిషానికి వస్తుంది. పిల్లలకి ఇదే ముందు చూపించండి. డిసెంబర్ 13, 14 రాత్రులు జెమినిడ్ ఉల్కలకి ఫోన్ అసలు తీయొద్దు, చాప మీద పడుకుని పైకి చూడండి చాలు.

బైనాక్యులర్స్ ఉంటే

7x50 లేదా 10x50 మంచివి (మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో). మోచేతులు గోడకి ఆనించి గురువు గ్రహం వైపు పెడితే పక్కన చిన్న చుక్కలు వరుసలో కనిపిస్తాయి, అవి దాని చంద్రులు. ఏ చంద్రుడు ఎటున్నాడో యాప్‌లో గ్రహాన్ని పెద్దది చేసి పోల్చుకోండి. శని వలయాలు వీటిలో కనిపించవు, ఆశపడవద్దు. పగలు వాటిని సూర్యుడి వైపు ఎప్పుడూ పెట్టకూడదు, కన్ను పోతుంది.

ఫోటో తీయాలంటే

చూడటం పూర్తయ్యాకే ఫోటోలు. స్టాండు తప్పనిసరి. లేకపోతే వెనక కెమెరా ఆకాశం వైపు ఉండేలా ఫోన్‌ని ఇటుకకి ఆనించండి. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 1600 నుంచి 3200, షట్టర్ 15 సెకన్లు, ఫోకస్ అనంతానికి, టైమర్ మూడు సెకన్లు. షట్టర్ 20 సెకన్లు దాటితే భూమి తిరగడం వల్ల చుక్కలు గీతలవుతాయి. పిక్సెల్ ఫోన్లలో 2019 నుంచి ఉన్న ఆస్ట్రోఫోటోగ్రఫీ మోడ్ 16 సెకన్ల లోపు చిన్న ఫోటోలు వరసగా తీసి కలిపేస్తుంది కాబట్టి నాలుగు నిమిషాలైనా గీతలు రావు. చంద్రుడిని తీయాలంటే ఇవన్నీ వద్దు. బైనాక్యులర్ కంటి గొట్టానికి ఫోన్ లెన్స్ ఆనించి, చంద్రుడి మీద నొక్కి బ్రైట్‌నెస్ తగ్గించండి, గోతులు కనిపిస్తాయి.

చలి, మంచు, రాసుకోవడం

కోరాపుట్ చలిలో లిథియం బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. ఫోన్ స్వెట్టర్ లోపలి జేబులో ఉంచండి. పవర్ బ్యాంక్ పదివేల ఎంఏహెచ్‌ది అయితే ఒక రాత్రికి మించి వస్తుంది. మంచు పడే రాత్రుల్లో ఇంట్లోకి వెళ్ళే ముందే ఫోన్, బైనాక్యులర్స్ జిప్ కవర్లో వేసి మూసేయండి. వెచ్చటి గదిలోకి వెళ్ళాక తేమ కవర్ మీద పడుతుంది, లెన్స్ మీద కాదు. అరగంట తర్వాత తీయండి. తడి ఆరకముందే చార్జింగ్ పెట్టకండి.

చూసినవి అక్కడికక్కడే టైపు చేయకండి, కళ్ళకి చీకటి అలవాటు పోతుంది. వాయిస్ రికార్డర్ ఆన్ చేసి జేబులో పెట్టుకుని మాట్లాడండి: ‘తొమ్మిదీ ఇరవై, ఒమెగా సెంటారి, పక్క చూపుతో కనిపించింది, నేల దగ్గర పొగ ఉంది.’ మర్నాడు పగలు విని తేదీ, చోటుతో నోటుబుక్కులో ఎక్కించండి. కనిపించనివి విడిగా రాసి పెట్టుకుంటే వచ్చే బహుళ పక్షానికి జాబితా తయారైపోయినట్టే.